టిక్కీల్లో వచ్చిన పుస్తకాలు

ట్రాక్టరు మీద నుంచి దింపిన సంచుల కట్టను చూడగానే జక్రయ్య గబగబా దగ్గరకు వెళ్ళాడు. అన్నీ గోనెసంచులే. వాటి మీద నల్లసిరాతో కొట్టిన మార్కులు, నేత సందుల్లో ఇరుక్కున్న ఎర్రటి పొడి. ఒకదాని మూతి విప్పి వాసన చూశాడు. ముక్కు భగ్గుమంది.

"యలమందా, ఇవి మిరపకాయల టిక్కీలు గదయ్యా! వీటిల్లో పుస్తకాలెట్టా నింపేది?"

యలమంద ఇంజను ఆపకుండానే అరిచాడు. "ఈ ఊళ్ళో టిక్కీలు గాక పంచదార సంచులొస్తయ్యా మేష్టారూ? ప్రెసిడెంటుగారు కోల్డ్ స్టోరేజీలో ఖాళీవి పట్టుకెళ్ళమన్నారు, తెచ్చా. దులిపి తీసుకెళ్ళమన్నారు, దులిపా. పొద్దుట్నుంచి తుమ్మి తుమ్మి డొక్కలు పట్టేసినయ్యి. ఇంకేం జెయ్యాల?"

పుస్తకాల మధ్య కూర్చునే మనిషి కాబట్టి ఊరు జక్రయ్యను మేష్టారంటుంది గానీ, అతను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఊరివాళ్ళు చందాలతో నడుపుకునే గ్రంథాలయంలో తలుపులు తీయడం, ఊడవడం, పుస్తకాలు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం అన్నీ అతని పనే. ఆ గ్రంథాలయం ఆదివారంనాడు పర్చూరు రోడ్డు మీద కట్టిన కొత్త భవనంలోకి మారబోతోంది. అద్దాల తలుపులు, లోపల ఏసీ, తెల్లటి పలకల నేల. ఆ నేల మీద నడిచి చూసిన రోజున జక్రయ్య తన అడుగులు పడ్డచోట వంగి తుడుచుకుంటూ వెనక్కి వచ్చాడు.

సంచుల గురించి గట్టిగానే చెప్పాలనుకున్నాడు. గ్రంథాలయ కమిటీ ప్రెసిడెంటు చైతన్యకృష్ణ కారు దిగేసరికి ఆ గట్టితనం కాస్తా సడలిపోయింది. చైతన్యకృష్ణ ఇంకా నలభై దాటని మనిషి, కోల్డ్ స్టోరేజీ యజమాని. ఎవరినీ ఏకవచనంలో పిలవడు. జక్రయ్యకు భయం కూడా అదే. కసిరేవాడి దగ్గర ఆ కసురు పడగానే తేలికపడొచ్చు. ఈయన మెత్తగా చెప్పిన మాట ఇంటిదాకా వెంట వస్తుంది.

"సంచులు సరిపోతాయాండీ జక్రయ్యగారూ?"

"సరిపోతాయి సార్. కాకపోతే కాయలు పోసినవి గదా, ఘాటు..."

"దులిపించాను లెండి. అట్టపెట్టెలు కావాలంటే చిలకలూరిపేట నుంచి రావాలి. ఇప్పుడు అదంతా ఎందుకు?" అని జేబులోంచి ఫోను తీశాడు. "ఇంకో సంగతి. తలుపు పక్కన ఒక బోర్డు పెడుతున్నాం. ఫ్లెక్సీ వేయించొచ్చు గానీ, మీ దస్తూరీ ముందు అది ఏపాటిది? మీరే రాయాలి."

ఫోనులో ఉన్న రెండు వాక్యాలూ జక్రయ్య చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు.

'మిర్చి పనుల నుండి వచ్చువారు స్నానము చేసి, శుభ్రమైన దుస్తులతో మాత్రమే లోనికి రావలెను. వసారాలో గుంపుగా కూర్చొని బిగ్గరగా చదువరాదు.'

"ఎవరినీ రావద్దనడం లేదండీ," అన్నాడు చైతన్యకృష్ణ. "పోటీ పరీక్షల పిల్లలు చదువుకునే చోటు. మొన్న మీవాళ్ళు నలుగురు కోతల నుంచి అటే వచ్చి లోపలంతా చూసి వెళ్ళారు. తర్వాత మా ఆవిడ అక్కడ ఎంతసేపు తుమ్మిందో మీరూ చూశారుగా. శుభ్రత కోసం, అంతే."

జక్రయ్య తల ఊపాడు. అది ఔననడమో, విన్నాననడమో అతనికే తెలియలేదు.

"మీ విషయం కూడా ఆదివారం తర్వాత కమిటీలో తేల్చేద్దాం. కంప్యూటరు వచ్చినవాణ్ణి పెడదామని కొందరి మాట. మీరే ఉండాలని నా మాట. కార్యక్రమం సాఫీగా జరిగిపోతే ఇక ఎవరూ ఏమీ అనలేరు."

"అట్టాగే సార్," అన్నాడు జక్రయ్య.

సంచుల మాట గొంతులోనే ఉండిపోయింది. దాని పక్కనే బోర్డు మాట కూడా.

పాత గ్రంథాలయానికి ముందు పొడవాటి అరుగు ఉంది. మిరపకోతల కాలంలో సాయంత్రం పొలాల నుంచి వచ్చే ఆడవాళ్ళు ఇళ్ళకు పోయేముందు ఆ అరుగు మీద చేరతారు. చీరల మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కాలు, తలకు తువ్వాళ్ళు, పక్కన ఖాళీ క్యారేజీలు. జక్రయ్య గడపలో కుర్చీ వేసుకుని పేపరు పైకి చదువుతాడు. చదువు వచ్చినవాళ్ళు కూడా వినడానికే వస్తారు. వాళ్ళందరిలో ముందు కూర్చునేది ఎలీసమ్మ, జక్రయ్య భార్య స్తుతికి అక్క. ఇదివరకు ఆమె పక్కన స్తుతి కూర్చునేది. పోయిన వానాకాలంలో స్తుతి కన్నుమూసినప్పటి నుంచి ఆ పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. చోటు చాలక కొందరు మెట్ల మీద సర్దుకుంటారు గానీ, అక్కడ మాత్రం కూర్చోరు.

ఆరోజు జక్రయ్య గుంటూరు యార్డు ధరలు చదువుతుంటే ఎలీసమ్మ అడ్డం వచ్చింది.

"ఆగయ్యా. పండించినోడికి రాని రేటు పేపరోడికి యాణ్ణించి వచ్చింది?"

"అది మేలురకం కాయకి వదినా."

"మేలురకమైతే మా చేతుల్లోంచే గదా పోయింది. దానికి ఆ రేటని కాయైనా మాకు చెప్పలేదే!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యలో లోపల నుంచి బుల్లయ్య తుమ్ము వినపడింది. కమిటీలో అందరికంటే పెద్దవాడు, మిరప రైతు. పాడైన పుస్తకాలు ఏరి పక్కన పడేసే పని ఆయన పెట్టుకున్నాడు.

"ఏరా జక్రయ్యా, అట్టల్లేనివన్నీ తూకానికేనా?" అని బయటికి వచ్చాడు. ఆయన చేతిలో ఉన్న లావుపాటి పుస్తకాన్ని చూసి జక్రయ్య లేచి నిలబడ్డాడు.

దానికి అట్ట లేదు. మొదటి కాగితాలు కూడా లేవు. పేరేమిటో, రాసిందెవరో ఎవరికీ తెలియదు. ఏటిమీద పడవ నడిపే ఒక ఆడమనిషి కథ. పేపరు అయిపోయాక రోజూ కొంచెం చదవమని స్తుతే పట్టుబట్టింది. చదవడం ఆపిన చోట ఎండు మిరపకాయ తొడిమ పెట్టేది. ఏటికి వరద వచ్చి, పడవామె కొడుకు అవతలి గట్టున చిక్కుకున్నచోట కథ ఆగింది. ఆ తర్వాత పుస్తకం తెరవమని అతన్ని ఎవరూ అడగలేదు. అతనూ తెరవలేదు.

"అది ఉండనియ్యండి బాబాయ్."

"అట్ట లేని పుస్తకం, చూరు లేని ఇల్లు ఒకటేరా. ఆ అద్దాల మేడలో దీన్నెక్కడ పెడతావ్?"

"యాడో ఒక మూల పెడతా."

బుల్లయ్య అతని ముఖంలోకి చూశాడు. పుస్తకం అతని చేతిలో పెట్టాడు. జక్రయ్య దాన్ని టిక్కీలో అడుగున పెట్టి, మీద వేరే పుస్తకాలు సర్ది, మూతి పురికొసతో తనే కుట్టాడు. కుడుతుంటే చేతులు మండాయి.

"జక్రయ్యా," అంది ఎలీసమ్మ పోయేముందు, "ఆ కొత్త దాన్లో మేం యాడ కూర్చోవాల?"

"చూద్దాం వదినా. ముందు సామాను చేరనీ."

"అరుగుందా?"

"వసారా ఉంది."

"ఉంటే చాల్లే," అని ఆమె క్యారేజీ తీసుకుంది.

మర్నాడు జక్రయ్య ఇంటి పంచలో బోర్డు రాయడానికి కూర్చున్నాడు. చెక్కకు తెల్లరంగు ముందే వేసి ఆరబెట్టాడు. సుద్దముక్కతో గీతలు కొట్టుకున్నాడు. నల్ల ఎనామిలు డబ్బాలో కుంచె ముంచి అంచుకు రాసి, అదనపు రంగు తీసేశాడు. చెయ్యి వణకలేదు. అక్షరం దగ్గర అతని చెయ్యి ఎన్నడూ వణకదు.

'మిర్చి' అనే మాట రాసి ఆగాడు. ఎదురుగా గోడకున్న మేకుకు స్తుతి పనిచొక్కా వేలాడుతోంది. ఒకప్పుడు అది అతనిదే. మోచేతుల దగ్గర ఎర్రటి మరకలు. ఇంట్లోవి అన్నీ ఉతికాడు, దుప్పట్లు కూడా ఉతికాడు, ఆ చొక్కాను మాత్రం నీళ్ళలో పెట్టలేదు. పక్కనుంచి నడిస్తే ఇప్పటికీ ముక్కుకు సన్నగా తగులుతుంది.

ఈ మాట ప్రకారం స్తుతి లోపలికి రాకూడదు, అనుకున్నాడు. అనుకుని, మిగతా మాటలు రాశాడు. పని పోతే ఈ వయసులో ఇంకెవరు పిలుస్తారు? పుస్తకాల దగ్గర కూర్చోవడం తప్ప అతనికి ఏం వచ్చు? పేపరు వినిపించే మనిషే లేకపోతే ఆడవాళ్ళు మాత్రం ఎక్కడికి వస్తారు? ఇలా ఒక్కో మాటకూ ఒక్కో సమాధానం చెప్పుకుంటూ చివరి చుక్క పెట్టాడు.

కూర గిన్నెతో వచ్చిన ఎలీసమ్మ బోర్డు ముందు నిలబడిపోయింది. ఆమెకు సంతకం వరకే వచ్చు.

"ముత్యాలు పేర్చినట్టుంది గదయ్యా! ఏం రాశావేంది?"

జక్రయ్య కుంచెను గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"చెప్పులు బయట విడవాలని."

"అంతేనా? చెప్పులకి ఇంత బారు రాతా?"

"గవర్నమెంటు భాష వదినా. పొడుగ్గానే ఉంటది."

ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. అతను కూర గిన్నె మీద మూత పెట్టి పక్కకు జరిపాడు.

శనివారం యలమంద ట్రాక్టరు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. టిక్కీలు కొత్త హాలులోకి మోసి, అక్కడే కుట్లు విప్పి, పుస్తకాలు అలమరల్లో సర్దారు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, గాలి ఆడుతోంది. అయినా మోసేవాళ్ళు మధ్యమధ్య బయటికి వెళ్ళి దగ్గి వచ్చారు. జక్రయ్య ఒక్కో పుస్తకాన్నీ తువ్వాలుతో తుడిచాడు. తువ్వాలు ఎర్రబడింది. ఎంత తుడిచినా ఆకుల మధ్య దూరిన పొడి అలాగే ఉంది. పొద్దు వాలేసరికి చైతన్యకృష్ణ వచ్చి నిండిన అలమరలు చూసి సంతోషించాడు.

"అద్దాలన్నీ మూయించండి. రోడ్డు దుమ్ము పడుతుంది. పొద్దున నేనొచ్చి ఏసీలు వేస్తాను."

"సార్, రాత్రికి తెరిచి ఉంచితే ఘాటు కాస్త..."

"కుక్కలు దూరతాయండీ," అన్నాడు చైతన్యకృష్ణ, అంతే మెత్తగా.

జక్రయ్య అద్దాలు మూశాడు. బోర్డును పాత పేపర్లలో చుట్టి తలుపు పక్కన గోడకు ఆనించాడు. దాని కోసం గోడకు మేకు అప్పటికే కొట్టి ఉంది.

అతిథిగారి రాక ఆలస్యమై, ఆదివారం రిబ్బను కత్తిరించేసరికి చర్చిలో ఆరాధన కూడా ముగిసింది. ఎలీసమ్మ వాళ్ళు అటునుంచి అటే వచ్చారు. తలంటుకున్న జుట్లు, పెట్టెలోంచి తీసిన తెల్లచీరలు. వసారా చివర వరసగా నిలబడ్డారు. అతిథిగారు ఈ ఊరి ఆడపడుచే, ఎక్కడో కాలేజీ ప్రిన్సిపాలుగా చేసి విరమించిన పెద్దావిడ. ఆవిడ వెనుక చైతన్యకృష్ణ, ఆయన వెనుక కమిటీ, పట్టుచీరల ఆడవాళ్ళు. అందరూ లోపలికి వెళ్ళారు. అద్దాల తలుపు మూసుకుంది.

జక్రయ్య తలుపు పక్కనే నిలబడ్డాడు. మొదట ఎవరో ఒకరు దగ్గారు. దగ్గు పెళ్ళిళ్ళలోనూ వస్తుంది, అనుకున్నాడు. తర్వాత మరొకరు. ఆ తర్వాత విడివిడిగా వినిపించలేదు. రాత్రంతా మూసిన గదిలో నిలిచిన ఘాటును ఏసీలు పొద్దుట్నుంచి మూలమూలలా తిప్పుతున్నాయి. తలుపు తోసుకుని జనం బయటపడ్డారు. అతిథిగారి కళ్ళజోడు ఒకచోట, ఆవిడ ఒకచోట. చైతన్యకృష్ణ తెల్లచొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటున్నాడు, చేతి మీద ఎర్రటి చార. బుల్లయ్య స్తంభం పట్టుకుని ఒంగిపోయాడు.

"ఓరి నాయనో! యార్డులో కాటా దగ్గర కూడా ఇంత ఘాటు తగల్లేదురా!"

తొక్కిసలాటలో ఎవరి కాలో తగిలి బోర్డు చుట్టూ ఉన్న పేపరు చిరిగిపోయింది.

చైతన్యకృష్ణ జక్రయ్య దగ్గరకు వచ్చాడు. ఎర్రబడ్డ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఏమిటండీ ఇది? మీరు ముందే చెప్పొద్దా?"

"చెప్పాను సార్," అన్నాడు జక్రయ్య. కాస్త ఆగి, "గట్టిగా చెప్పలేదు" అన్నాడు.

ఈలోపు ఎలీసమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి అతిథిగారి చేతుల్లో పోస్తోంది. పోస్తూ బోర్డు వైపు చూసింది.

"ఇదుగోనమ్మా, మా మరిది రాసిన బోర్డు. అక్షరాలు చూడండి ఎట్టున్నయ్యో."

"నా కళ్ళు తెరుచుకుంటేగా తల్లీ చూడ్డానికి. బాబూ, మీరే చదవండి, వింటాను."

జక్రయ్య కదల్లేదు. చైతన్యకృష్ణ, "తర్వాత చూడొచ్చు లెండి" అన్నాడు. ఆ మాట మెత్తగా రాలేదు, మధ్యలో తుమ్ము పడింది.

"చదువు జక్రయ్యా," అంది ఎలీసమ్మ. "రోజూ చదివేవాడివేగా."

లోపల్నుంచి బయటపడ్డవాళ్ళలో చదువుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. ఒక్కరి కళ్ళూ తెరుచుకోవడం లేదు. జక్రయ్య బోర్డు ముందు నిలబడి, పేపరు చదివే గొంతుతోనే, ఎక్కడా ఒత్తకుండా, ఎక్కడా మింగకుండా చదివాడు.

"మిర్చి పనుల నుండి వచ్చువారు స్నానము చేసి, శుభ్రమైన దుస్తులతో మాత్రమే లోనికి రావలెను. వసారాలో గుంపుగా కూర్చొని బిగ్గరగా చదువరాదు."

తెల్లచీరల వరస అలాగే నిలబడి ఉంది. ఇవతల పట్టుచీరలు, తెల్లచొక్కాలు, ఎర్రటి పొడి, కారుతున్న ముక్కులు. బుల్లయ్య అటొకసారి, ఇటొకసారి చూసి గట్టిగా తుమ్మాడు.

"అయితే చైతన్యా, ముందు మనం పోయి నీళ్ళోసుకుని రావాలిరా!"

నవ్వు కమిటీవాళ్ళలోనే పుట్టి, అతిథిగారి దాకా పాకింది. చైతన్యకృష్ణ కూడా నవ్వబోయాడు గానీ, పెదవులు సహకరించలేదు. ఆడవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. ఎలీసమ్మ చెంబు కింద పెట్టి జక్రయ్య దగ్గరకు వచ్చింది.

"చెప్పులు విడవాలని రాశానన్నావే."

"అబద్ధం చెప్పా వదినా."

ఆమె కొంగు సర్దుకుని మెట్లు దిగింది. వెనకే మిగతావాళ్ళు.

సోమవారం పొద్దున చైతన్యకృష్ణ ఫోను చేశాడు. "సాయంత్రం వస్తానండీ. మాట్లాడాలి." అంతే. ఏం మాట్లాడాలో చెప్పలేదు. జక్రయ్య అడగలేదు.

అద్దాలన్నీ తెరిచాడు. ఏసీల జోలికి పోలేదు. అలమరల్లోంచి పుస్తకాలు కొన్ని కొన్నిగా మోసుకొచ్చి, వసారాలో పట్టా పరిచి, ఎండలో విప్పి పెట్టాడు. గాలికి ఆకులు వాటంతటవే తిరుగుతున్నాయి. మధ్యాహ్నానికి వాటిని లోపలికి చేర్చి మరికొన్ని తెచ్చాడు. బోర్డును తిరగేసి వసారాలో రెండు ఇటుకల మీద బల్లలా పెట్టాడు. క్యారేజీలు పెట్టుకోవడానికి పనికొస్తుంది, వాళ్ళంటూ వస్తే.

కోతలు ముగిసే వేళ అయింది. రోడ్డు మీద కూలీల ఆటో ఒకటి ఆగకుండా పోయింది. ఇంకొకటి కూడా. జక్రయ్య పేపరు మడిచి విప్పాడు. పని పోవడం ఒక భయం. పని ఉండి, వినేవాళ్ళు లేకపోవడం ఇంకో భయం. రెండింటిలో ఏది పెద్దదో అతనికి ఇప్పుడే తెలిసివచ్చింది. కుర్చీలోంచి లేచి మెట్ల దాకా వెళ్ళి నిలబడ్డాడు.

వాళ్ళు నడుచుకుంటూ వచ్చారు. పనిచొక్కాలు, తలగుడ్డలు, ఎర్రబడ్డ వేళ్ళు. మెట్ల దగ్గరే ఆగారు.

"నీళ్ళు పోసుకోలేదు," అంది ఎలీసమ్మ. "రావచ్చా?"

జక్రయ్య పక్కకు జరిగాడు. "రా వదినా. అందరూ రండి."

ఎలీసమ్మ తిరగేసిన బోర్డును చూసింది. దాని మీద క్యారేజీ పెట్టింది. గడప దాటి లోపల నిలబడి గాలి పీల్చింది.

"ఇదేందయ్యా, మన కల్లంలో ఉన్నట్టే ఉంది!"

తెల్ల పలకల మీద కూర్చుంటూ పక్కన అలవాటుగా ఒకరి చోటు వదిలింది. మిగతావాళ్ళూ సర్దుకున్నారు. ఎవరూ దగ్గలేదు. జక్రయ్య పేపరు అందుకున్నాడు.

"పేపరు రేపు చదువుదువులే," అంది ఎలీసమ్మ, అతని వైపు చూడకుండా. "ఆ పడవామె కొడుకు ఏమయ్యాడో చెప్పు. అవతలి గట్టునే ఉంచావు పిల్లోణ్ణి, ఇన్నాళ్ళూ."

జక్రయ్య మూల అలమర దగ్గరకు వెళ్ళాడు. అట్టలేని పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాడు. తొడిమ ఉన్నచోట తెరిచాడు. అది ఎండి, కాగితం మీద చిన్న గోధుమరంగు గుర్తు వదిలింది. దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకుని మొదలుపెట్టాడు. వరద నీళ్ళు చెట్ల మొదళ్ళ దాకా వచ్చాయి. పడవామె తాడు విప్పింది. అక్కడికి రాగానే అక్షరాలు అలుక్కుపోయాయి. తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఘాటు," అన్నాడు.

"ఘాటేలే," అంది ఎలీసమ్మ. నీళ్ళ సీసా అతని వైపు జరిపింది. ఎవరూ తొందరపెట్టలేదు.

అతను మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. పడవ ఏటి మధ్యకు చేరుతుండగా బయట కారు ఆగిన చప్పుడు వినిపించింది. చైతన్యకృష్ణ మెట్లెక్కి తలుపు దాకా వచ్చాడు. లోపలికి ఒక అడుగు వేసి, దగ్గు తెరలు రావడంతో వెనక్కి తగ్గాడు. జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వసారాలోనే నిలబడ్డాడు. జక్రయ్య అతన్ని చూశాడు. గొంతు సన్నబడబోయింది. పుస్తకంలోకి చూసి, ఇంకాస్త పైకి చదివాడు. పడవ తలకిందులవుతుందేమోనని ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టారు. వసారాలో మనిషి కూడా వెళ్ళిపోలేదు.

ఎలీసమ్మ తల తిప్పి చూసింది.

"బయటే నిలబడ్డారేం బాబూ? వచ్చి కూర్చోండి."

"ఘాటమ్మా..." అన్నాడు చైతన్యకృష్ణ రుమాలు వెనుక నుంచి.

"కాసేపే బాబూ," అంది ఆమె, కొంచెం జరిగి చోటు చేస్తూ. "అలవాటైపోద్ది."

జక్రయ్య పేజీ తిప్పాడు.